ఎడమ కాలి పని

తిరుపతిలో భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఒక మాస్టారికి రెండు విషయాలలో పట్టుదల ఎక్కువ. తరగతి గదిలో చెప్పిన పాఠాన్ని ఇంటివద్ద కూడా చెప్పడం ఒకటి. కారును తానే నడపడం రెండవది. 1996లో ఆయన అప్పు చేసి తెల్లని మారుతి 800 కొన్నారు. దానికి నాలుగు గేర్లు. అది పదిహేనేళ్లు సేవ చేసిన తరువాత, 2011లో అయిదు గేర్ల మరొక చిన్న కారు ఆ ఇంటి ముందు నిలిచింది. ఈ రెండు కార్లలో ఆయన ఎడమ కాలు ఎన్ని లక్షల పర్యాయాలు క్లచ్‌ను నొక్కి ఉంటుందో ఎవరూ లెక్కించలేదు. మోకాలు నొప్పి మొదలయ్యేవరకు ఆ లెక్కతో ఎవరికీ పని పడలేదు.

వైద్యుడు మెట్లు ఎక్కడం తగ్గించమన్నారు. నేలమీద బాసింపట్టు వేసుకొని కూర్చోవద్దన్నారు. క్లచ్ సంగతి ఆయన అడగలేదు, ఈయన చెప్పలేదు. అది బయటపడినది హైదరాబాదులో. కుమార్తెను చూడడానికి మాస్టారు తన కారులోనే వెళ్లారు. తిరుపతి నుండి అయిదు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసినా మోకాలు ఒక్క మాటైనా అనలేదు. రహదారిలో అయిదవ గేరు వేసిన తరువాత ఎడమ కాలికి విశ్రాంతే కదా! కాని మరునాటి సాయంకాలం కుమార్తెను కార్యాలయం నుండి తీసుకొని మాదాపూరు నుండి మియాపూరుకు వస్తున్నప్పుడు కథ మారిపోయింది. దూరం పది కిలోమీటర్లకు అటూ ఇటూ. పట్టిన కాలం గంటకు పైమాట. నాలుగడుగులు కదలడం, ఆగడం. మళ్లీ మొదటి గేరు, మళ్లీ న్యూట్రల్. కాలక్షేపానికి క్లచ్ నొక్కిన సంఖ్యను లెక్కపెట్టడం మొదలుపెట్టిన మాస్టారు మూడు వందల వద్ద లెక్క మానుకున్నారు. ఇల్లు చేరి కారు దిగబోతే కాలు నేలమీద ఆనలేదు.

"నాన్నా, ఈసారి గేర్లు లేని కారు తీసుకోండి" అన్నది కుమార్తె.

"గేర్లు లేని కారు ఉండదమ్మా. నువ్వు వేయకపోతే వాటిని మరొకరు వేయాలి, అంతే" అన్నారు మాస్టారు, నొప్పిలో కూడా పాఠం విడిచిపెట్టకుండా.

ఆయన మాటలో సత్యం ఉన్నది. పెట్రోలు ఇంజనుకు పుట్టుకతో వచ్చిన లోపం ఒకటి ఉన్నది. బండికి కట్టిన ఎద్దు నిలబడిన చోటు నుండే తన బలమంతా చూపగలదు. ఇంజనుకు అది చేతకాదు. అది బ్రతికి ఉండాలంటేనే నిమిషానికి సుమారు ఎనిమిది వందల చుట్లు తిరుగుతూ ఉండాలి; బలం పుంజుకోవాలంటే వేలలో తిరగాలి. చక్రాలేమో కదలకుండా నిలిచి ఉంటాయి. తిరిగే ఇంజనుకూ తిరగని చక్రానికీ మధ్య ఒక సంధి కుదర్చాలి. ఆ సంధి కుదిర్చేది క్లచ్. రెండు పలకలు మెల్లగా ఒరుసుకుంటూ, ఒకదాని వేగాన్ని మరొకటి అందుకొని, చివరకు ఒక్కటై తిరుగుతాయి. శిక్షణాలయాలలో 'హాఫ్ క్లచ్' అని నేర్పే విద్య ఈ ఒరుసుకునే క్షణాన్ని కాలితో పట్టుకోవడమే. ఇక గేర్ల పని మారకపు వ్యాపారం వంటిది. మొదటి గేరులో ఇంజను సుమారు మూడున్నర చుట్లు తిరిగితే గేరుబాక్సు నుండి ఒక్క చుట్టు మాత్రమే బయటకు వస్తుంది. ఆ ఇచ్చిన వేగానికి బదులుగా బలం అన్ని రెట్లు పెరుగుతుంది. పై గేర్లలో బలాన్ని ఇచ్చి వేగాన్ని పుచ్చుకోవడం జరుగుతుంది. గేర్ల సైకిలు తొక్కిన విద్యార్థికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

పెద్ద ఇంజను ఉన్న కారులో తప్పు గేరు వేసినా బండి విసుక్కోకుండా సాగిపోతుంది. దాని వద్ద మిగులు బలం ఉన్నది. మారుతి 800 ఇంజను 796 ఘనపు సెంటీమీటర్లది. ఆ రోజులలో దాని బలం 40 అశ్వశక్తికి లోపే. ఆ బలంతో అయిదుగురిని, వారి సామానును తిరుమల కొండ ఎక్కించవలసి వచ్చినప్పుడు మలుపుకు ముందే రెండవ గేరుకు దిగాలా, మలుపులో దిగాలా అన్న నిర్ణయమే బండి ఎక్కడమా, ఆగిపోవడమా అన్నది తేల్చేది. కాబట్టి చేతి గేరు ఉండాలా, పోవాలా అన్న ప్రశ్న చిన్న కారు విషయంలోనే నిజంగా పదునెక్కుతుంది. తక్కువ బలాన్ని పొదుపుగా వాడుకొనే నేర్పు అక్కడ డ్రైవరు చేతిలో ఉన్నది.

ఈ నేర్పును సులభం చేయాలన్న ప్రయత్నం కారు అంత పాతది. 1928లో అమెరికాలో కాడిలాక్ కార్లకు సింక్రోమెష్ అనే ఏర్పాటు వచ్చింది. అంతకుముందు గేరు మార్చడానికి రెండుసార్లు క్లచ్ నొక్కి, పళ్లచక్రాల వేగాలను చెవితో విని కలపవలసి వచ్చేది. పొరపాటు జరిగితే గేరుబాక్సు కీచుమని వీధి అంతటికీ ఆ సంగతి చాటేది. 1939లో జనరల్ మోటార్స్ సంస్థ 1940 నమూనా ఓల్డ్స్‌మొబైల్ కార్లకోసం క్లచ్ పెడలే లేని గేరుబాక్సును ప్రకటించింది. 1958లో నెదర్లాండ్స్‌కు చెందిన డాఫ్ సంస్థ ఒక చిన్న కారులోనే రబ్బరు బెల్టుల సహాయంతో మెట్లు లేకుండా మారే గేరును అమర్చింది. అయినప్పటికీ భారతదేశంలో చిన్న కారు అంటే గేరు రాడ్డు ఉన్న కారే. వెలకు, మైలేజీకి ప్రాణమిచ్చే కొనుగోలుదారుని ముందు, వెల పెంచి మైలేజీ తగ్గించే సుఖం నిలబడలేకపోయింది. స్టీరింగు కింద గేరు రాడ్డు ఉన్న అంబాసిడరులో, ముందు సీటులో ముగ్గురిని కూర్చోబెట్టుకొని ఆ ఇరుకులోనే అలవోకగా గేర్లు మార్చిన టాక్సీ డ్రైవర్ల నేర్పును గూర్చి ఎవరూ పుస్తకం రాయలేదు. రాయదగిన విషయమే.

2014వ సంవత్సరం ఈ కథలో విచిత్రమైనది. ఆ జనవరిలో మారుతి 800 ఉత్పత్తి ఆగిపోయింది. ఫిబ్రవరిలో అదే సంస్థ సెలేరియో అనే చిన్న కారును, క్లచ్ పెడల్ అవసరం లేని నమూనాతో సహా విడుదల చేసింది. మే నెలలో అంబాసిడరు ఉత్పత్తి నిలిచింది. దేశానికి గేర్లు వేయడం నేర్పిన రెండు కార్లు నిష్క్రమించిన ఏడాదిలోనే, గేర్లు వేయనక్కరలేని చవక కారు ప్రవేశించింది.

ఆ చవకలోనే ఒక యుక్తి ఉన్నది. పెద్ద కార్లలో వాడే సంప్రదాయ ఆటోమేటిక్ గేరుబాక్సులో క్లచ్‌కు బదులు నూనెలో ఎదురెదురుగా తిరిగే పంకాల వంటి అమరిక ఉంటుంది. అది మెత్తనిది, కాని బరువైనది, ఖరీదైనది. కొత్త పద్ధతిలో అదేమీ లేదు. పాత గేరుబాక్సునే, పాత క్లచ్‌నే ఉంచి, కాలూ చెయ్యీ చేసే పనిని మాత్రం ఒక చిన్న యంత్రానికి అప్పగించారు. దానికి ఆజ్ఞలిచ్చేది ఒక కంప్యూటరు. దీనిని ఆటోమేటిక్ కారు అనడం కంటే, గేరు రాడ్డు వద్ద కనిపించని డ్రైవరును కూర్చోబెట్టిన కారు అనడం సబబు. ఆ డ్రైవరు జీతం ఒకేసారి చెల్లించాలి: కారు వెల సుమారు 50 వేల రూపాయలు పెరుగుతుంది. మైలేజీ మాత్రం పెద్దగా తగ్గదు.

కుమార్తె ఈ లెక్కలన్నీ ఫోనులో చూపించింది. మాస్టారు ఒప్పుకోలేదు. ఆయన అభ్యంతరాలు ఆయనకున్నాయి. బ్యాటరీ చచ్చిపోయిన ఉదయం వీధిలోని నలుగురు కుర్రవాళ్లు వెనుకనుండి తోస్తే, రెండవ గేరులో క్లచ్ వదిలి ఎన్నిసార్లు కారు స్టార్టు చేయలేదు? క్లచ్ పాడైతే వీధి చివరి మెకానిక్కు సాయంకాలానికి బాగుచేసి ఇవ్వగలడు; కంప్యూటరు మొండికేస్తే కంపెనీ వర్క్‌షాపుకే పోవాలి. వీటికంటె పెద్ద అభ్యంతరం మరొకటి. "ఆ కంప్యూటరుకు బండి వేగం తెలుసు, నా కాలు ఎంత నొక్కిందో తెలుసు. ఎదురుగా మలుపు ఉన్నదని తెలుసా? మలుపు కనిపించేది నా కంటికి కదా!"

కొట్టివేయడానికి వీలులేని మాట ఇది. గేరు మార్చడం జరిగినదానికి ప్రతిస్పందన కాదు, జరగబోయేదానికి సన్నాహం. ఎదుట ఎడ్లబండి ఉన్నదని, దానిని దాటవలసి ఉంటుందని డ్రైవరుకు ముందే తెలుసు. ముందే కింది గేరుకు దిగి సిద్ధంగా ఉంటాడు. యంత్రం కాలు నొక్కినదాకా ఆగి, అప్పుడు ఆలోచించి, ఒక్క తూగు తూగి, ఆ పిమ్మట కదులుతుంది. ఈ కార్లలో కూర్చున్నవారు గేరు మారినప్పుడల్లా తల ఊపడం చూసినవారికి తెలుసు.

మాస్టారి మనస్సును కదిలించినది కుమార్తె లెక్కలు కావు. అదే పాఠశాలలో గణితం చెప్పిన సహోపాధ్యాయుడు ఒకాయన ఉన్నారు. బాల్యంలో పోలియో సోకి ఆయన ఎడమ కాలు చచ్చుబడింది. వెనుక రెండు అదనపు చక్రాలు బిగించిన స్కూటరుమీద ఆయన పాతికేళ్లు పాఠశాలకు వచ్చారు. కుటుంబమంతా పెళ్లికి వెళ్లవలసి వస్తే భార్యాపిల్లలు ఆటోలో, ఆయన వెనుక స్కూటరుమీద. వర్షం వస్తే ఆయన ఒక్కరే తడిసేవారు. గేరు కారుకు చేతితో నొక్కే క్లచ్ అమర్చుకొనే మార్గం లేకపోలేదు. దానికి తగిన మెకానిక్కును వెదకడం, తరువాత కార్యాలయాల చుట్టూ తిరగడం ఆయనకు సాధ్యపడలేదు. 2017లో ఆయన క్లచ్ పెడల్ లేని చిన్న కారు కొన్నారు. కొన్న వారానికి మాస్టారి ఇంటి ముందు హారను మోగింది.

"మాస్టారూ, ఇన్నేళ్లు మీ కారులో నన్ను కూర్చోబెట్టుకొని తిప్పారు. ఈ పూట మీరు నా పక్కన కూర్చోండి" అన్నారాయన. కొంతదూరం పోయిన తరువాత నవ్వుతూ, "నా ఎడమ కాలికి పని చెప్పని బండి కోసం ఇంతకాలం పట్టింది" అన్నారు. ఆనాడు మాస్టారు ఏమీ అనలేదు. మోకాలు నొప్పి వచ్చిన తరువాత ఆ మాట మళ్లీ మళ్లీ గుర్తుకు రాసాగింది.

చేతి గేరును మెచ్చుకొనేవారు సాధారణంగా మరచిపోయే విషయం ఇదే. రెండు కాళ్లూ రెండు చేతులూ సహకరించే వారికి అది నేర్పు. సహకరించని వారికి అది మూసిన తలుపు. నేర్పులోని ఆనందాన్ని ఎంత పొగిడినా, ఆ తలుపు మూసే ఉంచాలని వాదించడం న్యాయం కాదు.

అయితే నేర్పే అక్కరలేదని అనవచ్చునా? ఆ సంగతి మనుమరాలి వద్ద తేలింది. ఆ అమ్మాయి ఇంటర్మీడియట్ పరీక్షలు రాసి సెలవులకు తిరుపతి వచ్చింది. పద్దెనిమిదేళ్లు నిండాయి, లెర్నర్ లైసెన్సు చేతికి వచ్చింది. "తాతయ్యా, నేను ఆటోమేటిక్ కారుమీదే నేర్చుకుంటాను. గేర్లెందుకు దండగ?" అన్నది. మాస్టారు చట్టం విప్పి చూపారు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం మోటారు సైకిళ్లను గేరు ఉన్నవి, గేరు లేనివి అని రెండుగా విభజించింది. కార్లకు ఆ విభజన చేయలేదు. బ్రిటన్‌లో ఆటోమేటిక్ కారుమీద పరీక్ష నెగ్గినవారు అటువంటి కారునే నడపాలి. జపానులో 1991 నుండి ఆటోమేటిక్ కార్లకే పరిమితమైన లైసెన్సు వేరుగా ఇస్తున్నారు. ఇక్కడ మాత్రం క్లచ్‌ను ఒక్కసారైనా తొక్కనివారికి కూడా, గేరు కారును నడిరోడ్డుమీదికి తీసుకురావడానికి అదే లైసెన్సు చాలును. గేరు లేని స్కూటీకి, గేరు బండికి తేడా చూసిన చట్టం కారు వద్దకు వచ్చేసరికి ఎందుకు కళ్లు మూసుకొన్నదో ఆలోచించవలసినదే. చట్టం వచ్చిన నాటికి దేశంలో గేరు లేని కారు దాదాపు కనిపించకపోవడమే దానికి కారణం కావచ్చును.

చివరకు మాస్టారు పరీక్షించి చూద్దామనుకొన్నారు. పరీక్షించడానికి తిరుపతివాసికి ఘాట్ రోడ్డును మించిన ప్రయోగశాల ఏమున్నది? ఒక తెల్లవారుజామున సహోపాధ్యాయుని కారులో ఇద్దరూ అలిపిరి దాటారు. స్టీరింగు మాస్టారి చేతిలో. ఎక్కడానికి వాడే రెండవ ఘాట్ రోడ్డుమీద కారు తడబడకుండానే ఎక్కింది. ఒకటి రెండు మలుపులలో మాత్రం అది పై గేరుకు పోయి, పొరపాటు తెలుసుకొని మళ్లీ కిందికి దిగింది. మాస్టారు చిన్నగా నవ్వుకొన్నారు. కొత్తగా నేర్చుకొనేవాడు కూడా చేసే తప్పే అది.

అసలు పరీక్ష దిగేటప్పుడు. 1944లో ప్రారంభమైన మొదటి ఘాట్ రోడ్డుమీదుగా వాహనాలు కిందికి వస్తాయి. అందులో 36 ముడుపు మలుపులు ఉన్నాయి. కారు పల్లంలో వేగం పుంజుకోగానే కంప్యూటరు తన ధర్మం ప్రకారం పై గేరుకు పోయింది. పై గేరులో ఇంజను చక్రాలను పట్టి ఆపలేదు. భారమంతా బ్రేకుమీద పడింది. బ్రేకును విడవకుండా తొక్కితే అది వేడెక్కుతుంది. మరీ వేడెక్కితే పట్టు సడలుతుంది. ఎక్కేటప్పుడు ఏ గేరో, దిగేటప్పుడూ అదే గేరు అని పాత డ్రైవర్లు చెప్పే సూత్రం ఇందుకోసమే పుట్టింది. రెండు మలుపులు దాటగానే మాస్టారు గేరు రాడ్డును పక్కకు, 'ఎం' అనే అక్షరం వైపు జరిపి రెండవ గేరుకు దించారు. ఇంజను ఒక్కసారి హుంకరించి బండిని పట్టుకొన్నది. ఆయన కాలు బ్రేకుమీదనుండి లేచింది.

సహోపాధ్యాయుడు ఆశ్చర్యపోయారు. "ఇన్నేళ్లుగా ఈ బండి నడుపుతున్నాను మాస్టారూ, ఆ అక్షరం దేనికో నాకు తెలియదు. కొండ దిగి ఇంటికి వచ్చిన ప్రతిసారీ చక్రాల దగ్గర కమురు వాసన వచ్చేది. కొత్త బండికి అది మామూలేనేమో అనుకొన్నాను."

మాస్టారు వెంటనే జవాబివ్వలేదు. పెడల్ పోయింది, రాడ్డుమీద చెయ్యి వేయవలసిన అవసరం పోయింది. కొండ దిగేటప్పుడు ఏ గేరు కావాలో తెలియవలసిన అవసరం మాత్రం అలాగే ఉన్నది. పైగా అది ఉన్నదన్న సంగతే కొత్తవారికి తెలియకుండా పోయింది. గేరు కారులో తప్పు చేస్తే బండి మూలుగుతుంది, కుదుపుతుంది, ఆగిపోతుంది. తప్పును తానే చెబుతుంది. ఇది చెప్పదు.

అంతలో ఒక మలుపు వద్ద ముందు పోతున్న బస్సు కనిపించింది. తిరుమల, తిరుపతి మధ్య 2022 సెప్టెంబరు నుండి ఆర్టీసీ నడుపుతున్న విద్యుత్ బస్సులలో అది ఒకటి. ఇంజను రొద లేదు, గేరు మారిన సవ్వడి లేదు. పల్లంలో దాని మోటారే జనరేటరుగా మారి బస్సును నిగ్రహిస్తుంది. ఆ నిగ్రహంలో పుట్టిన విద్యుత్తు తిరిగి బ్యాటరీలోకి చేరుతుంది. ఎక్కేటప్పుడు ఖర్చుచేసిన శక్తిలో కొంత కొండే తిరిగి ఇచ్చినట్లు. విద్యుత్ మోటారు ఎద్దువలె నిలబడిన చోటు నుండే బలం చూపగలదు. దానికి క్లచ్‌తో సంధి అక్కరలేదు. వేగాన్ని తగ్గించే స్థిరమైన ఒక్క గేరు చాలును. 2022లోనే టాటా సంస్థ టియాగో అనే చిన్న కారును విద్యుత్ మోటారుతో ప్రకటించింది. పెట్రోలు కారు కంటె దాని వెల ఎక్కువ కాబట్టి చేతి గేరు రేపే కనుమరుగు కాదు. సామాన్యుని మొదటి కారులో, చేతులు మారి పల్లెకు చేరిన పాత కారులో అది ఇంకా చాలాకాలం ఉంటుంది. ఉండడానికి కారణం మాత్రం దానిమీద ప్రేమ కాదు, 50 వేల రూపాయలు.

ఇంటికి చేరగానే మాస్టారు కుమార్తెకు ఫోను చేశారు. "అమ్మా, గేర్లు లేని కారు ఉండదన్నాను కదా. ఆ మాట సవరించుకొంటున్నాను" అన్నారు. విద్యుత్ కారుకు డబ్బు చాలదని, క్లచ్ పెడల్ లేని పెట్రోలు కారుకే బయానా ఇస్తానని చెప్పారు. ఒక్క నియమం పెట్టారు. పాత కారును మార్పిడికి ఇవ్వరు. మనుమరాలు దానిమీద నేర్చుకొని, ఒక్కసారి కొండ ఎక్కి దిగిన తరువాతనే దానిని అమ్ముతారు.

ఆదివారం ఉదయం పాఠశాల మైదానంలో ఎర్రని 'ఎల్' అక్షరం అంటించిన పాత కారు నిలిచి ఉన్నది. అమ్మాయి మొదటి గేరు వేసి క్లచ్ వదిలింది. కారు ఎగిరిపడి ఆగిపోయింది. రెండవసారీ అంతే. మూడవసారి బిక్కమొగం వేసుకొని తాతయ్య వైపు చూసింది.

"తొందరపడి వదలకమ్మా. సగం వదిలి ఆగు. ఇంజను గొంతు కాస్త బరువెక్కుతుంది, విను. అప్పుడు తక్కినది వదులు" అన్నారు మాస్టారు.

నాలుగవసారి గొంతు బరువెక్కింది. కారు మెల్లగా కదిలింది. మైదానం చివరి వేపచెట్టు దాకా వెళ్లి, అక్కడ ఆగకుండానే మలుపు తిరిగింది. రెండవ గేరుకు మార్చవలసిన చోటు రాగానే, పక్క సీటులో కూర్చున్న మాస్టారి ఎడమ కాలు, అక్కడ ఏ పెడలూ లేకపోయినా, చాపను గట్టిగా నొక్కింది. మోకాలు కలుక్కుమన్నది. ఆయన పైకి ఏమీ అనలేదు.